కొంగు పట్టమన్నారు

జనవరి 7, 1962. ఆదివారం.

రాయి సుజాతా. ముందు తేదీ వేయి. తేదీ లేని ఫిర్యాదు ఏ కచేరీలోనూ చెల్లదని మా ఆయన బతికున్నప్పుడు అనేవాడు.

ఇది ఎవరికీ చూపించేది కాదు. మా పాస్టరు అయ్యగారికి చూపిస్తే ప్రార్థన చేస్తారు. నాకు ప్రార్థన వద్దు, న్యాయం కావాలి. న్యాయం చేసేవాడు పైన ఒక్కడే. ఆయన ముందు నిలబడిన రోజున ముసలి నోరు తడబడుతుందేమోనని ముందుగానే రాయించి పెట్టుకుంటున్నాను. నేను మా ఊరి మాటల్లో చెబుతాను. నువ్వు ఆదివారపు బడిలో నేర్చుకున్న పుస్తకాల తెలుగులో రాయి. దేవునికి పుస్తకాల తెలుగే అలవాటు. ఎవరేమన్నారో ఆ మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పడాలి. మాట మార్చి రాస్తే దొంగసాక్ష్యం అవుతుంది.

నా పేరు కెంపమ్మ. బాప్తిస్మంలో మిషను దొరసానమ్మ పెట్టిన పేరు ఎలీశబెతమ్మ. అది పలకడం నాకే రాదు, కాబట్టి అందరికీ కెంపమ్మనే. బాగేపల్లి నుంచి మిట్టేమరికి పోయే దారిలో, మా గుడి గోడ పక్కనే నా ఇల్లు. బిడ్డలు లేరు. రెండెకరాల మెట్ట ఉంది. దాన్ని కోరుకు, అంటే పంటలో పాలుకు, చేసేవాడు ఈ ఏటి రాగులు కొలిచి ఇంట్లో ఉన్న పెద్ద మట్టి గూనలో పోసి పోయాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంట్లో ఆడది ఇసురుకోవడానికి రాగులు తీసినా ముందుగా ఒక పిడికెడు దేవుని ముంతలో వేయాలి. శనివారం నేను ఇంటింటికీ పోయి ఆ ముంతలన్నీ పెద్ద కుండలో వంచుకొస్తాను. పిడికెటి కుండ అంటారు దాన్ని. ఆదివారం ఆరాధన అయ్యాక కుండను బల్ల ముందు పెట్టి, కష్టంలో ఉన్న ఇంటామె పేరు చదువుతారు. ఆమె లేచి ముందుకొచ్చి కొంగు పట్టాలి. కుండ మోసేది నేను, కొంగులో వంచేది నేను. నా తల నల్లగా ఉన్నప్పటి నుంచీ నేనే. ఎవరికి ఇవ్వాలన్నా పెద్దలు నన్ను అడిగేవాళ్ళు.

క్రిస్మసు ముందర గుడి మెట్ల మీద కుండతో సహా పడ్డాను. కుండ పగల్లేదు. కుడి మణికట్టు విరిగింది. చింతామణి దగ్గర ఎముకలు కట్టే ఆంజనేయప్ప గుడ్డుసొన పూసి, వెదురు దబ్బలు పెట్టి, మోచేతి దాకా బిగించి కట్టాడు. తాను విప్పేదాకా వేలు కూడా కదపవద్దన్నాడు. అందుకని రెండు మూడు వారాలుగా ముంతలు పోగుచేసే పని పక్కింటి యశోదమ్మ చేస్తోంది. నా చెయ్యి బాగయ్యేదాకా మాత్రమే.

ఇంక ఈ రోజు జరిగింది రాయి.

ఆరాధన అయ్యింది. సంఘ పెద్ద గోపాలప్ప లేచాడు. బాగేపల్లి బస్టాండులో టీ అంగడి ఉంది వాడికి. "ఈ వారం కెంపమ్మ" అన్నాడు. కుండ వంచడానికి నన్ను పిలిచాడనుకున్నాను. ఒంటిచేత్తో ఎట్లా వంచాలా అని ఆలోచించుకుంటూ ముందుకు పోయాను. నిలబడి జనం వైపు చూశాను, ఎవరు లేస్తారా అని. ఎవరూ లేవలేదు.

"ఎవరికప్పా?" అన్నాను.

గోపాలప్ప నేల వైపు చూశాడు. "నీకేనమ్మా. కొంగు పట్టు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నాకేం తక్కువైందప్పా?"

"సరిగా తింటాండేది లేదంట గదమ్మా. కట్టెపుల్ల మాదిరి అయినావు. సంఘమనేది ఉండేది యెందుకు?"

"యెవరు చెప్పినారు నీకు?"

"యెవరైతేనేం లేమ్మా. పట్టు, పట్టు. జనాలు చూస్తాండారు."

జనాలు చూస్తున్నారని నాకు చెబుతాడు! చూడాలనే గదా పేరు చదివింది.

కొంగు నడుముకు దోపుకొని బయటికి వచ్చాను. వెనకాల పాట ఎత్తుకున్నారు. నా అవమానం మీద పాట.

ప్రభువా, నా గూనలో రాగులున్నాయి. మూత తీసి చూసుకో. నాకేమీ లోటు లేదు. ఎవరో నా మీద లేనిపోనిది చెప్పారు. ఎవరో తెలియాలి. తెలిసేదాకా ఈ పుస్తకం మూయను.

ఎక్కడిదాకా రాశావు? చదువు. సరే.

జనవరి 8.

నిన్న సుజాతమ్మ గురించి చెప్పలేదు. తన గురించి తాను రాయడానికి సిగ్గుపడుతోంది. నేను చెబుతున్నాను, రాయి.

ఈమె రామలక్ష్మమ్మ కూతురు. ఈమె పసిగుడ్డుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. పిడికెటి కుండ రాగులతో పెరిగిన పిల్ల. ఇప్పుడు బాగేపల్లి సర్కారీ ఇస్కూల్లో కన్నడ పాఠాలు చెబుతుంది. సాయంత్రం బడి వదిలాక నా దగ్గరికి వచ్చి, తర్వాత ఇంటికి పోతుంది. తల్లి ఎప్పుడో గుడికి రావడం మానేసింది. గర్వం. కూతురు మానలేదు. ఆ కుండ చేసిన మేలుకు ఈమె కంటే సాక్ష్యం వేరే అక్కర్లేదు.

మొత్తం రాశావా? తల వంచుకొని రాస్తే నాకు కనపడదు.

జనవరి 10.

నిన్న పొద్దున గడప ముందర రాగుల సంచి ఉంది. ఆదివారం నేను కొంగు పట్టని గుడి రాగులు. ఎడమచేత్తో ఈడ్చుకుంటూ పోయి గుడి అరుగు మీద పెట్టి వచ్చాను. మధ్యాహ్నానికి మళ్ళీ నా గడపలో ఉంది. మళ్ళీ ఈడ్చాను. ఈ పొద్దు మళ్ళీ వచ్చింది. దేవుని రాగులు కాబట్టి కోళ్ళకు చల్లలేను, మనుషులు పంపించినవి కాబట్టి లోపల పెట్టుకోలేను. సంచి గడపలోనే ఉంది. దాటుకొని తిరుగుతున్నాను.

సుజాతమ్మ డబ్బీలో సంగటి, ఉప్పుసారు తెచ్చింది. పొద్దుననే తిన్నానన్నాను. పెట్టేసి పోయింది. నల్లకుక్క ఈనింది. పిల్లలతల్లి, దానికి కావాలి.

నాకు అంబలి చాలు. గిన్నె ఎత్తి తాగితే అయిపోతుంది. ముసలి కడుపుకు అంబలే మంచిదని మా అమ్మ కూడా అనేది.

జనవరి 11.

దొరికింది. యశోదమ్మే.

మా రెండిళ్ళకూ మధ్య ఉండేది మొలెత్తు మట్టిగోడ. నా పొయ్యి ఎప్పుడు రాజుతుందో, ఎప్పుడు రాజదో తెలిసేది ఆమెకే. పైగా ఇప్పుడు కుండ ఆమె చేతిలో ఉంది. పొద్దున గోడ దగ్గర నిలబెట్టి అడిగాను.

"ఏమ్మే యశోదా, కుండ మోసేకి అంత ఆశగా ఉంటే నన్నడిగింటే ఇచ్చేదాన్ని గదా. నన్ను కొంగు పట్టించి తీసుకోవాల్నా?"

"యేం మాట్లాడ్తాండావక్కా? నీ కుండ యెవరికి కావాల? ఇంటింటికీ తిరిగి నా కాళ్ళు పడిపోయినాయి."

"గోపాలప్పకు చెప్పింది నువ్వే."

"నేను చెప్పలే."

"నా పొయ్యి చూసేది నువ్వు తప్ప యెవరు?"

"నీ పొయ్యి చూసేకి అదేమన్నా తేరా? నాకు ఆరుగురు పిల్లోళ్ళు, ఇద్దరు మొగోళ్ళు. వూపిరి తీసుకొనేకే టైము లేదు!"

ఇద్దరు మొగోళ్ళంటే మొగుడు, మామ. కోపంలో అట్లా వచ్చింది. నాకు నవ్వొచ్చేది, కానీ నవ్వలేదు.

అప్పుడు ఆమె గోడ మీద చేతులు పెట్టి మెల్లగా అంది: "అయినా అక్కా, ఒక మాట. ఒక్క ఆదివారం కొంగు పట్టమంటే నీకింత మండింది. యెంతమందిని పట్టించినావు నువ్వు? రామలక్ష్మమ్మ గుడి మానేసి యెన్నేండ్లాయె, యెందుకని ఒకనాడన్నా పోయి అడిగినావా?"

"ఆమెకు గర్వం. దేవుని యెదర చెయ్యి చాచనివాళ్ళు తీర్పునాడు యెట్ల నిలబడతారు?"

"అదే నేనూ అడుగుతాండా" అని లోపలికి పోయింది.

దొంగకు మాటలెక్కువ. ఆమేనని రాయి.

సుజాతమ్మ రాయకుండా ఆగింది. సిరా అయిపోయిందా అంటే లేదంది.

జనవరి 14. ఆదివారం.

పోలేదు. జ్వరంలో కూడా మానినదాన్ని కాదు. పాటలు ఇక్కడికే వినపడ్డాయి. నేను లేకపోయినా ఎప్పటి రాగమే పాడారు.

జనవరి 16.

అయ్యగారు వచ్చారు. చిత్తూరు వైపు మనిషి, వయసు చిన్నది, మాట మెత్తన. పీట వేశాను.

"నిన్ను తక్కువ చేయాలని యెవరికీ లేదమ్మా. ఏలీయా అంతటి ప్రవక్త, కరువులో ఒక బీద విధవరాలి చేతి రొట్టె తిన్నాడు గదా."

"తిన్నాడయ్యా. ఆకలైంది, అడిగినాడు, తిన్నాడు. ఆయమ్మ ఆయన్ను వూరి జనాల ముందర పేరు పెట్టి పిలిచి, కంబళి పట్టమన్నిందా?"

అయ్యగారికి నవ్వొచ్చింది. గడ్డం రుద్దుకొని అణచుకున్నారు. "ఆ పద్ధతి పెట్టింది యెవరమ్మా మన సంఘంలో?"

"నేనే. దేవుని యెదర సిగ్గేందని పెట్టినా."

"మరి ఇప్పుడు సిగ్గెందుకు?"

"ఇప్పటి మాట వేరే. నేను అడగలేదు."

"వాళ్ళంతా అడిగినారామ్మా?"

నేను లేచి ఎడమచేత్తో పొయ్యిలో బూడిద ఎగదోశాను. జవాబు లేక కాదు. గురువుతో వాదం పెట్టుకోకూడదు.

ఆయనకు మజ్జిగ కూడా ఇవ్వలేదు. కోపంతో ఇవ్వలేదని రాయి. నీళ్ళు తాగుతానని ఆయనే లేచి పోయారు. కడవ పక్కనే గూన. భుజం తగిలి మూత జరిగింది.

"ఇదేందమ్మా, గూన నిండా రాగులుండాయే!"

"ఉంటాయి. లేవని నేను యెవరికి చెప్పినా?"

"మరి యెందుకింత చిక్కినావు?"

"వయసయ్యా."

ఆయన నా వైపు, గూన వైపు చూశారు. లెక్క తేలని మనిషి మాదిరిగా మూత మళ్ళీ సరిగ్గా పెట్టారు. తర్వాత ప్రార్థన చేసి పోయారు. ఆయన కళ్ళు మూసుకున్నంతసేపూ నేను తెరిచే ఉన్నాను.

జనవరి 18.

ఈ రోజు రాయించాలనుకున్నది ఒకటి, రాయించేది ఒకటి.

మొదట నేను చెప్పింది ఇది: "వచ్చే ఆదివారం గుడికి పోతాను. జనాల ముందర యశోదమ్మ చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయిస్తాను. అబద్ధం ఆడితే ఆ కుటుంబానికి..."

సుజాతమ్మ కలం పెట్టేసింది. "ఇది రాయను అవ్వా."

"యెందుకు రాయవు?"

"యశోదమ్మ కాదు. గోపాలప్పకు చెప్పింది నేనే."

యశోదమ్మను కాపాడటానికి అంటోందనుకున్నాను. ముఖం చూశాను. కాదు. బడిలో తప్పుచేసిన పిల్ల ముఖం కాదు, సాక్షి బోనులో నిలబడినామె ముఖం.

"రాయి" అన్నాను. "నువ్వన్న మాట నీ చేత్తోనే రాయి."

రాసింది. అక్షరాలు వంకర పోయాయో ఏమో. నాకు అన్ని అక్షరాలూ వంకరగానే కనపడతాయి.

ఇన్ని దినాలు నా పక్కన కూర్చొని నేను యశోదమ్మను తిడుతుంటే రాసుకుంటూ పోయింది. దొంగను వెతకమని దొంగకే లాంతరు ఇచ్చాను.

"యెందుకు చెప్పినావు?"

"నువ్వు దినదినానికీ చిక్కిపోతాండావు. సంగటి తెస్తే కుక్కకేస్తాండావు. నాకు తెలీదనుకొన్నావా? రాగుల్లేక పస్తులుండావేమో, నా దగ్గర తీసుకొనేకి మనసొప్పలేదేమో అనుకొంటి. కుండలోదైతే దేవునిది గదా, తీసుకొంటావనుకొంటి."

"గూనలో రాగులుండాయని మొదటి రోజే రాయించినా గదా!"

"అబద్ధం చెప్తాండావనుకొంటి. మొన్న అయ్యగారు గూన చూసినట్టు రాసినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. రాగులు పెట్టుకొని యెందుకు తినవు అవ్వా?"

అప్పుడు నా నోటి నుంచి వచ్చేసింది. ఆపుకోవాలనుకున్నాను, కాలేదు.

"యెట్ల తినాలే? యెట్ల? ఇసుర్రాయి తిప్పేకి చెయ్యి లేదు. తెడ్డు పట్టి సంగటి గెలికేకి చెయ్యి లేదు. నువ్వు ముద్ద చేసి తెస్తే, యే చేత్తో తుంచాల? ఎడమచేత్తోనా? దేవుని పేరు తలిచి ఆ చెయ్యి పళ్ళెంలో పెట్టాల్నా?"

సుజాతమ్మ నోరు తెరుచుకొని చూసింది. "చెయ్యి కోసమా ఇదంతా? నాకు చెప్పింటే..."

"చెప్పి? నోట్లో పెట్టించుకొనేది పసిబిడ్డలు, సచ్చేవాళ్ళు. నేను రెండూ కాదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కానీ నేను వదలలేదు. కచేరీలో సాక్షిని సగంలో వదలరు.

"గోపాలప్పకు చెప్తే నన్ను నిలబెట్టి కొంగు పట్టిస్తారని నీకు తెలుసునా లేదా?"

"తెలుసు."

"తెలిసీ చెప్పినావు."

"తెలిసీ చెప్పినా." కలం సిరాలో ముంచింది. "మా అమ్మ పట్టింది గదా అవ్వా. నువ్వు పడితే యెట్లుంటుందో చూడాలని కూడా అనిపించింది. అన్నీ రాయమన్నావు గదా. ఇదీ రాస్తాండా."

"నా మీద కనికరంతో చెప్పినావా, కక్షతో చెప్పినావా?"

"రెండూ ఒకే నోట్లో నుంచి వచ్చినాయి. యేది ముందర వచ్చిందో నాకే తెలీదు."

తల్లి సంగతి కూడా అప్పుడే చెప్పింది. రామలక్ష్మమ్మ ఆ కాలంలో రాగులు అడగలేదట. పగటిపూట బిడ్డను పట్టుకునే మనిషి ఉంటే చాలు, వేరుశెనగ కాయల కూలికి పోయి తన గంజి తానే తాగుతానని అడిగిందట. గుడిలో, అందరి ముందరా నేను "ముందు కొంగు పట్టు" అన్నానట.

నాకు గుర్తు లేదు.

గుర్తు లేదని రాయి.

"రాసినా."

"మళ్ళీ రాయి. గుర్తు లేదు."

"రాసినా అవ్వా."

"లే. నా ఇంట్లో నుంచి లే."

ఈ మాట కూడా రాసి పో.

జనవరి 29.

సుజాతమ్మ వచ్చింది. నేను పిలవలేదని రాయి.

రాయనంటోంది. సరే. పిలిచాను. యశోదమ్మతో చెప్పి పంపాను. యశోదమ్మను ఊరికే అన్న మాటలకు ఆమెకు ఒక మాట చెప్పాలి. చెబుతాను. ఈ వారం కాదు.

వేరే ఎవరితోనైనా రాయిద్దామనుకున్నాను. గోపాలప్పకు రాత వచ్చు, టీ అంగడిలో చదివి వినిపిస్తాడు. అయ్యగారితో రాయిస్తే మధ్యలో వాక్యం కలుపుతారు. నా ఫిర్యాదు రాయడానికి నాకు ద్రోహం చేసిన చెయ్యి ఒక్కటే ఉంది.

ఈ దినాలలో జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇసిరిపెట్టుకున్న పిండి అయిపోయింది. ఒంటిచేత్తో ఇసుర్రాయి తిప్పాను. పిండి కాలేదు, నూక అయింది. తలుపు వేసుకొని ఆ నూక ఉడికించి ఎడమచేత్తో ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చూసేవాళ్ళు లేరు. అయినా మింగలేకపోయాను. మొండితనం కాదు ఇది. పుట్టినప్పటి నుంచి ఏ చేత్తో కడుక్కున్నానో ఆ చెయ్యి ముఖం దగ్గరికి వస్తే గొంతు దానంతట అదే మూసుకుంటుంది.

ఆ కోపంలో రామలక్ష్మమ్మ ఇంటికి నడిచి పోయాను. కూతురిని ఎట్లా పెంచిందో అడగాలని. ఆమె వాకిట్లో కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తోంది. లేవలేదు.

"యాడికొచ్చినావు కెంపక్కా?"

"నీ కూతురు నాకు చేసిన పని చెప్పేకి వచ్చినా."

"విన్నా. చెప్పుకొనేకి నీకొక మనిషన్నా ఉండాది. నువ్వు నాకు చేసింది నేను యెవరికి చెప్పుకొందును?"

"నీకు పెట్టినా. నీ బిడ్డకు పెట్టినా. అది చేసిందంటావా?"

"పెట్టినావు. కాదనలే. ఆ రాగులు తిని బతికినాము. నేనడిగింది వేరే, నువ్విచ్చింది వేరే. ఇచ్చినదానికి మొక్కమన్నావు, మొక్కినా." కాయ చిదిపి గింజలు చేటలో వేసింది. "ప్రభువు అంతటాయన దారిలో దప్పికైతే, బావి కాడ ముక్కూ మొగమూ తెలీని ఆడమనిషిని నీళ్ళడిగినాడు. ఆయనకు అడిగేకి వచ్చింది. నీకు రాదు."

"నువ్వు గుడికి రా రామలక్ష్మీ." ఎందుకన్నానో తెలియదు. అది చెప్పడానికి పోలేదు నేను.

"రాను. నా మోకాళ్ళు ఇంట్లోనే వంగుతాయి."

కూర్చోమనలేదు. మజ్జిగ ఇవ్వలేదు. రెండు చేతులూ బాగుండి కూడా ఇవ్వలేదు. తిరిగి వచ్చాను.

నిన్న ఆదివారం గుడికి పోయాను. ముందు వరసకు పోలేదు. తలుపు దగ్గర కూర్చున్నాను. ఆరాధన అయ్యాక గోపాలప్ప లేచి సీనప్ప పెళ్ళాం పేరు చదివాడు. సీనప్ప రాళ్ళు కొట్టేవాడు, దగ్గుతో మంచం పట్టాడు. ఆ పిల్ల లేవడానికి ఎంతసేపు పట్టిందో! ముందర నుంచి చూసినన్నేళ్ళూ నాకు వాళ్ళ ముఖాలే కనపడేవి. నిన్న వెనక నుంచి చూశాను. కొంగు పట్టడానికి చేతులు ముందుకు పోతే, వీపు మీద చినిగిన రవిక కనపడుతుంది. ఒక చేత్తో అది మూసుకోవాలి, రెండు చేతులా కొంగు పట్టాలి. ఆ పిల్ల ఏ చెయ్యి దేనికి వాడాలో తెలియక నిలబడిపోయింది.

నేను లేచాను. "గోపాలప్పా, పేరు చదవొద్దు. కొంగు పట్టించొద్దు. ఇంటికి పోయి యేం కావాలో అడిగి, అది ఇయ్యండి."

"పద్ధతి నువ్వు పెట్టిందే గదమ్మా?"

"నేను పెట్టినా. నేనే తీసేస్తాండా."

"నువ్వు తీసేసేకి కుండ ఇప్పుడు నీ చేతిలో లేదమ్మా. పెద్దలమంతా కూర్చొని మాట్లాడి చూస్తాము. కూర్చో." మర్యాదగానే అన్నాడు.

కుండ యశోదమ్మ వంచింది. పిల్ల కొంగు పట్టింది. అందరూ పాట ఎత్తుకున్నారు. నేను నేర్పిన పాటే.

నా చెయ్యి బాగయ్యేదాకా మాత్రమే అన్నారు నాతో. నిన్న తెలిసింది, చెయ్యి బాగైనా కుండ రాదు. నా జీవితమంతా పోసి ఒక పద్ధతి నిలబెట్టాను. అది ఇంక నా మాట వినదు.

ప్రభువా, ఇది నీ మీద ఫిర్యాదు. నా ఒంట్లో విరగడానికి వేరే ఎముక లేదా? నీ కుండ మోసిన చెయ్యే కావాలా నీకు?

ఇట్లా అడుగుతూ తలుపు దగ్గర కూర్చొని ఉంటే, ఎదురుగా గోడ మీద సిలువ ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నిన్న ఒక సంగతి తట్టింది. ఆయన రెండు చేతులూ మేకులతో కొట్టేశారు. దప్పిక అన్నాడు. గిన్నె పట్టుకునే చెయ్యి లేదు. మేకులు కొట్టినవాళ్ళలోనే ఎవడో ఒకడు పుల్లకు తడి స్పంజి గుచ్చి నోటికి అందించాడు. అది మంచినీళ్ళు కూడా కాదు, పులిసిన ద్రాక్షరసపు చిరక. ఇచ్చినవాడికి కనికరమో, ఎకసెక్కమో ఎవరికి తెలుసు? ఆయన విచారణ చేయలేదు. నోరు తెరిచాడు.

నేను ఆయనను కాను. నేను విచారణ చేస్తాను.

కానీ ఇంటికి వచ్చి, యశోదమ్మను గోడ దగ్గరికి పిలిచి, సుజాతను రమ్మను అన్నాను. "ఏం పనని చెప్పాల?" అంది. "చెయ్యి కావాలని చెప్పు" అన్నాను. ఈ మాట పలకడానికి నాకు నాలుక మడత పడింది. ఎలీశబెతమ్మ అనే పేరు కంటే కష్టం.

ఈ సాయంత్రం సుజాతమ్మ వచ్చింది. బడి నుంచి నేరుగా వచ్చింది, సుద్దముక్క పొడి ఇంకా చీర మీద ఉంది. ఏమీ మాట్లాడలేదు. గూన మూత తీసి, రాగులు కొలిచి, ముందుగా ఒక పిడికెడు దేవుని ముంతలో వేసింది. తర్వాత ఇసిరింది. నేను మంచం మీద కూర్చొని ఇసుర్రాయి చప్పుడు విన్నాను. పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, తెడ్డుతో గెలికి ముద్ద చేసింది. ఆకుకూర సొప్పు వేసి ఉప్పుసారు చేసింది. పళ్ళెం తెచ్చి నా ముందర కూర్చుంది.

"ముందు రాయి" అన్నాను.

"సంగటి చల్లారిపోతుంది అవ్వా."

"చల్లారనీ. రాయి. నేను నిన్ను క్షమించలేదు."

"రాసినా."

"నువ్వు చేసింది ద్రోహం. కనికరం కలిసుంటే కూడా ద్రోహం ద్రోహమే."

"రాసినా."

"మీ అమ్మ అడిగింది నాకు గుర్తుందో లేదో..." ఇక్కడ ఆగాను. "అది రాయొద్దు. అది నేను ఆమెకే చెప్తా."

అయినా రాస్తోంది. రాయనీ.

"ఇంకా యేమన్నా ఉండాదా?"

"చాలా ఉండాది. గోపాలప్ప మీద ఉండాది, అయ్యగారి మీద ఉండాది..."

"అవ్వా, నాకూ ఉండేది ఒకటే కుడిచెయ్యి. రాయమంటావా, పెట్టమంటావా?"

పళ్ళెంలో ముద్ద నుంచి ఆవిరి తగ్గిపోతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో ఎన్ని కొంగుల్లో వంచానో, అందులో ఒక్కరు కూడా ఇట్లా ఎదురుగా కూర్చొని నన్ను ఏది కావాలని అడగలేదు. నేనూ వాళ్ళను అడగలేదు.

కలం పెట్టేయి. వేళ్ళకు సిరా ఉంది, బాగా కడుక్కొని రా.